అక్కగారింటికి పట్టుకెళ్ళిన సిలిండర్

ముందే చెబుతున్నాను, గుండె కాస్త మెత్తనివాళ్ళు దీన్ని పగటిపూట, పక్కన ఎవరైనా ఉండగా చదవండి. ఇందులో ఒక మనిషి సొంత కారు నడుపుకుంటూ వెళ్ళి, నుదుటన బొట్టు పెట్టించుకుని, ఎదురుగా కొబ్బరికాయ కొట్టించుకుని, ఊరంతా చూస్తుండగా వ్యవసాయ బావి అడుగుకు దిగి, అక్కడే కాపురం పెట్టేయబోయాడు. ఆ మహానుభావుణ్ణి నేనే.

నా పేరు సోమన్న. జనగామలో గోడలకు వేసే రంగుల దుకాణం నడుపుతాను. పై అరలో డబ్బా తీయడానికి స్టూలు ఎక్కాల్సి వస్తే పక్క కొట్టువాణ్ణి పిలుస్తాను. నీళ్ళంటే మరీ భయం. చెరువుకట్ట మీద నడిచేటప్పుడు కూడా నీళ్ళు లేని వైపు అంచునే నడుస్తాను. అలాంటివాణ్ణి పట్టుకుని స్కూబా డైవర్‌ని చేసింది మా రంగుల కంపెనీ. అమ్మకాలు బాగున్నాయని డీలర్లందరినీ అండమాన్ తీసుకెళ్ళింది. అందరూ సముద్రంలో దిగుతున్నారని సిగ్గుకొద్దీ నేనూ దిగాను.

దిగాను అనడం కూడా గొప్పే. అక్కడి ట్రైనర్ నా వీపుకు ఒక అల్యూమినియం సిలిండర్ కట్టి, నడుముకు ఆరు సీసపు దిమ్మెలున్న బెల్టు చుట్టి, పిల్లి తన కూనను పట్టుకున్నట్టు మెడ దగ్గర పట్టుకుని ముంచాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఒక్కసారి తెరిచినప్పుడు ఎవరో ఫోటో తీశారు. అందులో నా వెనక పసుపు పచ్చని చేపల గుంపు, ముందు పైకి లేచిన నా బొటనవేలు. డైవింగులో బొటనవేలు పైకెత్తితే "నన్ను పైకి తీసుకుపో" అని అర్థం. నేను ఆ వేలితో కాళ్ళావేళ్ళా పడుతున్నాను. చూసినవాళ్ళు మాత్రం విజయగర్వం అనుకున్నారు. నేనూ కాదనలేదు. కాదనడానికి మనిషికి ధైర్యం ఉండాలి కదా.

మా అక్క సుగుణ ఆ ఫోటోను పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, తన ఇంట్లో టీవీ పైన తగిలించింది. అక్క అత్తగారిల్లు మహబూబాబాద్ జిల్లాలో, మరిపెడ దగ్గరి ఒక ఊరు. ఆ ఇంట్లో నా ఫోటోకు అంత వైభవం ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు ఒక బిందె సంగతి చెప్పాలి.

అక్క కొడుకును కన్నాక, పసివాడితో తనను అత్తగారింట్లో దిగబెట్టడానికి సామాన్లు పట్టుకుని వెళ్ళాం. మా వైపు ఇది ఆషామాషీ వ్యవహారం కాదు. ఆడబిడ్డ ఇంటికి తోడబుట్టినవాడు ఏం తెచ్చాడో చూడటానికి వాడకట్టంతా వాకిట్లో చేరుతుంది. నేను ఒక స్టీలు బిందె కొన్నాను. కొట్లో అది భేషుగ్గా కనిపించింది. ఆ వాకిట్లో పెట్టేసరికి కుంచించుకుపోయింది. అక్క అత్తగారు, అంటే నాకూ అత్తమ్మే, వంగి దాన్ని చూపుడువేలి గోటితో టంగుమనిపించింది.

"అల్లుడా, గిది బిందెనా, చెంబా?"

వాకిలి మొత్తం నవ్వింది. అక్క తల దించుకుని బిడ్డను సర్దుకుంది. ఆ రోజు నుంచి ఆ బిందె వంటింట్లోకి పోలేదు. ముందు గదిలో అల్మారా మీదకెక్కింది. వచ్చినవాళ్ళందరికీ అత్తమ్మ దాన్ని చూపించి "మా కోడలి తమ్ముడు తెచ్చిండు" అంటుంది. ఇంకేమీ అనదు. అల్మారా మీద బిందెకు ఎదురుగా టీవీ మీద నా ఫోటో పెట్టడం అక్క చెప్పిన జవాబన్నమాట.

ఇలా ఉండగా ఒక రోజు అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, మోటరు బాయిల పడ్డది."

మోటారును వేలాడదీసిన నైలాన్ తాడు రాతి అంచుకు ఒరిసి ఒరిసి తెగిపోయిందట. కరెంటు వైరూ పైపూ ఊడదీసుకుని మోటారు అడుగుకు పోయింది. ఇనుప కొక్కేల గుత్తి వేసి వెతికితే ఒక పాత బొక్కెన, ఒక సైకిల్ రిమ్ము వచ్చాయి కానీ మోటారు రాలేదు.

"మిరప తోట పూత మీదున్నదిరా. ఈ వారం నీళ్ళు దప్పితే పూతంత రాల్తది. ఇగ ఈ యేడు కాత లేనట్టే," అంది.

"మోటర్లు తీసేటోళ్ళుంటరు గదనే, పిల్వరాదు?"

"మీ బావ పిలుస్తనన్నడు. నేనే వద్దన్న."

"ఎందుకు వద్దన్నవ్?"

"నా తమ్ముడు సముద్రంల దిగినోడు, గీ బాయి ఒక లెక్కనా అన్న. అత్తమ్మ ముంగటనే అన్న. పక్కింటోళ్ళు గుడ ఇన్నరు. ఇప్పుడు నువ్వు రాకపోతే నా ఇజ్జత్ ఏమైతదో నువ్వే జెప్పు."

నిజం చెప్పేయాల్సింది అప్పుడే. "అక్కా, నేను దిగలేదు, ముంచారు" అనేస్తే పోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ బిందె తెచ్చిన రోజున వాకిట్లో తల దించుకున్న అక్క కళ్ళ ముందు మెదిలింది. "వస్త అక్కా" అన్నాను.

భూపాలపల్లిలో నా క్లాసుమేటు సమ్మయ్య ఉన్నాడు. గోదావరి ఒడ్డు పంపుహౌసుల్లో నీళ్ళలోకి దిగి రిపేర్లు చేయించే కాంట్రాక్టు వాడిది. మనిషి నోరు పెద్దది, మనసు ఇంకా పెద్దది. నా ఫోటో చూసి నిజంగానే డైవర్‌నని నమ్మిన అమాయకుల్లో వాడొకడు. వెళ్ళి సంగతి చెప్పాను. తను వస్తే బాగుండునని ఆశగా వాడి ముఖంలోకి చూశాను.

"నాకు పంపుహౌస్ల పనున్నదిరా. కావాలంటే సామాను తీస్కపో. లోతెంత?"

"నీళ్ళు ఏడెనిమిది గజాలుంటయట."

"లోపటేం పని?"

"మోటరుకు తాడు గట్టి రావాలె. గంతే."

"అయితే గీ చిన్నది సాలు," అని ఒక స్టీలు సిలిండర్‌ను తెచ్చి నా ముందు నిలబెట్టాడు. అది నా మోకాలికి కాస్త పైకి వచ్చింది. నున్నగా, బుద్ధిగా ఉంది. దాన్ని చూడగానే నాకు చెవుల్లో టంగుమంది.

మూల గోడకు ఆనించి మరొకటి ఉంది. నడుము దాకా ఎత్తు, బాగా మేసిన గేదె పొట్టంత లావు.

"గది?"

"గది పెద్దదిరా. గంటలకొద్ది లోపటుండి పనిజేసేటోళ్ళకు. బాయికెందుకు? మిరపకాయ తెంపనీకి జేసీబీ దెస్తవా?"

"అండ్ల గాలి ఎక్కువుంటది గద?"

"ఉంటది."

"గాలి ఎక్కువుంటే పాణానికి ఎక్కువ భరోసా ఉన్నట్టే గద?"

"అరేయ్, గట్ల గాదురా. గిది స్టీలు. గాలి అయిపోయినంక గుడ అల్యూమినియం లెక్క తేలదు. బాయి నీళ్ళు సముద్రం లెక్క నిన్ను పైకి దొబ్బవు. అందుకనే గిది ఏస్కున్నప్పుడు నడుముకు సీసం..."

అప్పుడే వాడి ఫోన్ మోగింది. పంపుహౌసు నుంచి ఎవరో. వాడు అరుస్తూ బయటికి పోయి, అరుస్తూనే లోపలికి వచ్చాడు.

"ఏం జెప్తున్న నేను?"

"పెద్దది తీస్కపొమ్మన్నవ్."

"నేననలే. తీస్కపోతే తీస్కపో గని సీసం తగ్గియ్యి మల్ల. ఇన్నవా?"

"సరే సరే" అన్నాను. వినలేదు. నా బుర్రలో అప్పటికే వాడకట్టంతా వాకిట్లో చేరింది, అత్తమ్మ గోరు పైకి లేచింది. సిలిండర్ సైజు ఎంచుకునేటప్పుడు మనిషి లోతు చూడాలి, పని చూడాలి, తన ఒళ్ళు చూసుకోవాలి. నేను అత్తమ్మను చూశాను. దానికి తోడు లోపల భయం. పిరికివాడి తెలివి ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, పెద్ద డబ్బా ఉంటే ప్రాణం కూడా పెద్దదవుతుందనుకున్నాను. వెళ్తూ వెళ్తూ సీసం పెట్టెలోంచి ఆరు దిమ్మెలు సంచిలో వేసుకున్నాను. అండమాన్‌లో ఆరే కట్టారు, బతికి బయటపడ్డాను, అచ్చొచ్చిన సంఖ్య అని.

సిలిండర్‌ను వెనక సీట్లో పడుకోబెట్టి, రెండు సీటు బెల్టులూ పెట్టి, కింద దుప్పటి వేసి బయలుదేరాను. పరకాల దాటేసరికే నా చొక్కా తడిసిపోయింది. స్పీడ్ బ్రేకర్ కనిపిస్తే చాలు, అది ఎక్కడ పేలుతుందోనని పెళ్ళికూతుర్ని పల్లకిలో మోసినట్టు కారును మెల్లగా ఎక్కించి దించాను. వెనక లారీవాళ్ళు నన్ను, నా వంశాన్ని తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

కారు అక్క వాకిట్లో ఆగింది. వాడకట్టంతా వచ్చింది. వెనక తలుపు తీశాను. ఇద్దరు మనుషులు ముక్కుతూ మూలుగుతూ సిలిండర్‌ను దించి వాకిట్లో నిలబెట్టారు. అత్తమ్మ లోపలికి వెళ్ళి కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చింది. చుట్టూ తిరిగి చూసింది. గోరు ఎత్తి, ఏమనుకుందో మళ్ళీ దించేసింది. ఈ కథలో నేను సంతోషంగా ఉన్న నిమిషం అదొక్కటే కాబట్టి దాన్ని జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. అక్క గడపలో నిలబడి తల ఎత్తి అందరినీ చూసింది. సిలిండర్‌కు పసుపు రాసింది, బొట్లు పెట్టింది, కొబ్బరికాయ కొట్టించింది. అదే చేత్తో నాకూ బొట్టు పెట్టింది.

ఇక బావి. తొంగి చూశాను. నీళ్ళు ఆకుపచ్చగా, చిక్కగా, కదలకుండా ఉన్నాయి. అండమాన్‌లో అయితే అడుగున ఇసుక కనిపించేది. ఇక్కడ నా ముఖం తప్ప ఏమీ కనిపించలేదు. ఆ ముఖం కూడా వెళ్ళొద్దనే చెబుతోంది.

"బావా, అండ్ల పాములుంటయా?"

మా బావ యాకయ్య మంచివాడు, అబద్ధం ఆడడు. "ఉంటయి. కని నీళ్ళ పాములే, ఏం జెయ్యవు," అన్నాడు.

చొక్కా విప్పి, గాలి నింపితే ఉబ్బి మనిషిని తేల్చే కోటు, ముఖానికి అద్దం, నోటికి గాలి అందించే రబ్బరు ముక్క, ఇలా సరంజామా అంతా తగిలించుకున్నాను. సీసం బెల్టు కట్టుకున్నాను. అప్పుడు బావ బొటనవేలంత లావు మోకు తెచ్చి నా నడుముకు చుట్టడం మొదలుపెట్టాడు. మా వైపు బావిలోకి దిగే ఏ మనిషినైనా మోకు కట్టకుండా దించరు. అది సరిగ్గా బెల్టు మీదే పడింది. అండమాన్ ట్రైనర్ చెప్పిన మాటల్లో నాకు గుర్తున్న ఒకే ఒక మాట, ప్రమాదమొస్తే బెల్టు బకిల్ లాగి సీసం వదిలేయాలని.

"బావా, బెల్టు మీద గట్టకే."

"కింద గడ్తె జారుతది. నువ్వూకో," అని ఎద్దును కట్టేసినట్టు బకిల్ మీద ముడి మీద ముడి వేశాడు. ఇంకా గట్టిగా చెబితే భయపడుతున్నాననుకుంటారని ఊరుకున్నాను.

"అందరు ఇనుండ్రి," అన్నాను. "నేను ఒక్కసారి గుంజితె అంత మంచిగున్నట్టు. రెండుసార్లు గుంజితె మోకు వదలాలె. మూడుసార్లు గుంజితె నన్ను పైకి తియ్యాలె." మోకు పట్టుకున్న మగవాళ్ళంతా పాఠం అప్పజెప్పినట్టు తిరిగి చెప్పారు. అందరికంటే ముందు, బావి అంచున, అక్క పట్టుకుంది.

రాతి మెట్ల మీద వెనక్కి తూలుతూ దిగి, కళ్ళు మూసుకుని నీళ్ళలోకి జారాను.

సముద్రంలో నన్ను కిందికి తోయాల్సి వచ్చింది. ఇక్కడ తోసే పనే లేదు. బరువైన స్టీలు సిలిండర్, పైకి లేపని మంచినీళ్ళు, నడుముకు ఆరు సీసపు దిమ్మెలు, ఈ మూడూ కలిసి నన్ను బండరాయిలా కిందికి లాక్కుపోయాయి. చెవులు పోటెత్తాయి. ఆకుపచ్చ కాస్తా నలుపైంది. ఆగాలి ఆగాలి అనుకుంటుండగానే కాళ్ళకు అడుగు తగిలింది. తగిలినా నేను ఆగలేదు. బురద మెత్తగా తీసుకుంటూ పోయింది, మోకాళ్ళు దాటాక ఆగింది. ఆ కుదుపుకు లేచిన బురదతో ఆ కాస్త వెలుతురూ పోయింది. నా చెయ్యి నాకే కనిపించలేదు.

భయమంటే నాకు ముందే తెలుసనుకున్నాను. తెలియదు. అదంతా ఒట్టి అలవాటు. ఇది భయం. ఎక్కువసేపు వస్తుందని మోసుకొచ్చిన గాలిని తిరునాళ్ళలో సోడా తాగినట్టు తాగేస్తున్నాను. కోటులోకి గాలి నింపితే పైకి తేలతామని గుర్తొచ్చింది. తడిమి, బటన్ దొరకబుచ్చుకుని నొక్కాను. బుడబుడమని ఉన్న గాలి కూడా బయటికి పోయింది. అది ఖాళీ చేసే బటన్. కంగారులో దాన్నే మళ్ళీ మళ్ళీ నొక్కాను. బెల్టు విప్పుదామని నడుం తడిమితే బావ ముళ్ళు తగిలాయి. ఇంటి దగ్గర నా పిల్లలు గుర్తొచ్చారు. నా ఫోటో ఫ్రేముకు దండ వేస్తే చేపలు కనిపించవేమో అని కూడా అనిపించింది, ఎందుకో తెలియదు.

సరిగ్గా అప్పుడే చల్లగా, నున్నగా ఏదో నా మెడకు చుట్టుకుంది.

పాము. యాకయ్య బావ అబద్ధం ఆడడు కదా. నా నోట్లో ఆ రబ్బరు ముక్క లేకపోతే నా కేక మరిపెడ దాకా వినిపించేది. కురవి వీరభద్రస్వామికి మొక్కుకున్నాను. "స్వామీ, గుడి గోడలకు వానకు పోని రంగు వేయిస్తాను, నా దుకాణంలో ఉన్నవాటిలోకెల్లా మంచిది." మొక్కుతూనే ఒక చేత్తో పామును లాగుతూ, గిరగిరా తిరుగుతూ, రెండో చేత్తో మోకును గుంజడం మొదలుపెట్టాను. ఎన్నిసార్లు గుంజానో లెక్క లేదు. ఆపితే కదా లెక్క.

పైన ఏం జరిగిందో నాకు తరవాత తెలిసింది.

"గుంజుతుండు! ఎన్నిసార్లు?"

"మూడు."

"మూడు గాదు, నాలుగు. నేను సూసిన."

"నాలుగుకు ఏం జెయ్యాలె?"

"నాలుగుకు ఏం జెప్పలే గద."

"ఆగుండ్రి, ఇంకా గుంజుతుండు. ఐదు, ఆరు... రెండు రెండు లెక్కనేమో. రెండైతే వదలాలె."

"అయితే వదలుండ్రి!"

అర్థమైందా? నేను కింద చస్తుంటే పైన వాళ్ళు ఎక్కాలు చదువుతున్నారు. మోకు ఇంకాస్త వదిలారు కూడా. అప్పుడు అక్క అరిచిన అరుపుకు పక్క చేలోవాళ్ళు కూడా పరుగెత్తుకొచ్చారట.

"మీ లెక్కల్లో మన్నుబొయ్య! వాడు సస్తుండు, గుంజుండ్రి!"

గుంజారు. బురద నన్ను వదలనంది. వాళ్ళు గుంజారు. నడుము రెండు ముక్కలవుతుందనుకున్నాను. చప్పున కాళ్ళు ఊడి వచ్చాయి. నలుపు ఆకుపచ్చ అయింది, ఆకుపచ్చ తెల్లబడింది, నా తల గాలిలోకి వచ్చింది. నోట్లో రబ్బరు ముక్క ఉమ్మేసి నేను అన్న మొదటి మాట, "పాము! పాము! తీయుండ్రి!"

బావ మెట్ల మీద నుంచి వంగి నా మెడ దగ్గర చూశాడు. చూసి నోరు తెరిచాడు.

"పాము గాదు. వైరు."

మోటారు కరెంటు వైరు. దాంతోపాటే తెగిన నైలాన్ తాడు. నేను గిరగిరా తిరుగుతూ పాముతో చేసిన యుద్ధంలో ఆ రెండూ నా సిలిండర్ మెడకు మెలికలు మెలికలుగా చుట్టుకున్నాయి. బావ ఆ తాడు పట్టుకుని పైకి లాగాడు. ముందు బురద, బురద వెనక మోటారు, నీళ్ళపైకి వచ్చాయి.

"దొరికింది!" అని ఊరంతా ఒక్కసారి అరిచింది. ఎవరో ఈల వేశారు. మోటారును పైకి చేర్చి, నన్ను కూడా పైకి లాగి పడేశారు. నేను మట్టిలో బోర్లా పడి ఏడుస్తున్నాను. ముఖానికి అద్దం ఉంది కాబట్టి నీళ్ళే అనుకున్నారు. అందరూ మోటారు చుట్టూ చేరాక అక్క వచ్చి నా పక్కన కూలబడింది. ముందు వీపు మీద ఒక్కటి చరిచింది. తరవాత తల ఒళ్ళో పెట్టుకుంది. ఆమె అరచేతులు మోకు ఒరిసి ఎర్రగా కందిపోయాయి.

"వాళ్ళంత లెక్కవెట్టుడే ఉండె. నీకెట్ల ఎర్కయిందే?" అన్నాను వెక్కుతూ.

"మోకు వణికిందిరా. చిన్నప్పుడు సూది ఏపియ్యనీకి దవాఖానకు తోల్కపోతే నా చెయ్యి గిట్లనే గుంజుతుంటివి." తరవాత ఎవరికీ వినపడకుండా అంది. "ఆ ఫోటోల గుడ నువ్వు భయపడుతున్నవని నాకు సూడంగనే తెల్సు."

నేను లేచి కూర్చున్నాను. "తెల్సా? తెల్సుండి నన్నెందుకు పిలిచినవే?"

అక్క తల దించుకుంది. ఈసారి నవ్వును దాచుకోవడానికి.

"బిందె కోసం. మోకు నా చేతులనే ఉంటది గద, ఏం గాదనుకున్న."

ఆ సాయంత్రమే మోటారును బాగుచేయించి దించారు. మిరప చేలోకి నీళ్ళు పారుతుంటే అక్క ఒక్కో సాలు వెంట నడిచి చూసుకుంది.

వాకిట్లో బురదతో, చెదిరిన పసుపుతో నిలబడ్డ సిలిండర్ దగ్గరికి అత్తమ్మ వచ్చింది. మోటారు ఎలా వచ్చిందో అప్పటికే ఊరు తీర్మానించేసింది. సిలిండర్ అంత పెద్దది కాబట్టే వైరు దానికి చిక్కిందట. చిన్నది తెచ్చి ఉంటే పని అయ్యేది కాదట. నేను కాదనలేదు. అత్తమ్మ కళ్ళద్దాలు సవరించుకుని, గోరు ఎత్తి, ఈసారి దించకుండా సిలిండర్‌ను టంగుమనిపించింది. ఆ మోత చాలాసేపు ఉంది.

"మంచిగనే ఉన్నది," అంది. తరవాత నా వైపు తిరిగింది. "గని అల్లుడా, ఇంకో సైజు పెద్దది దొరకలేదా?"

కాబట్టి సభాముఖంగా, పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా అందులో నీళ్ళ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో నా వీపు మీదికి ఏ సైజు సిలిండర్‌నూ ఎక్కనివ్వను. వంటగ్యాస్ బండ వచ్చినా గుమ్మం అవతలే నిలబడి దారి చూపిస్తాను. వాట్సాప్‌లో నా ఫోటో తీసేసి మా దుకాణం బోర్డు పెట్టాను. వీరభద్రస్వామికి మొక్కిన రంగు వేయించేశాను. ఇక అక్కగారింటికి ఏం పట్టుకెళ్ళాలనేది కూడా తేల్చుకున్నాను. ఎవరు ఏ గోటితో మోగించినా సరే, ఇకపై కొబ్బరికాయలే. అవి నీళ్ళలో తేలుతాయి.